పేరులోనే రోడ్డున్న స్టేషను

నెల్లూరులో రైలెక్కి ఉత్తరానికి వెళుతుంటే, పెన్న దాటాక పడుగుపాడు, కొడవలూరు, తలమంచి ఒకదాని వెనక ఒకటి వచ్చిపోతాయి. బిట్రగుంట వచ్చేలోపు ఇంకో చిన్న స్టేషను. పసుపుపచ్చ బోర్డు మీద 'అల్లూరు రోడ్డు' అని ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ బళ్ళు దాన్ని లెక్కచెయ్యకుండా దూసుకుపోతాయి. చిన్నప్పుడు ఆ బోర్డు చూస్తే నాకు అయోమయంగా ఉండేది. ఊరు అల్లూరు, సరే. స్టేషను పేరులో రోడ్డెందుకు? ఒకసారి మామనడిగాను. "అల్లూరు ఈడ లేదురా. తూర్పుకు పోవాల. ఈడుండేది అల్లూరికి పొయ్యే రోడ్డే," అన్నాడు.

దేశంలో ఇలాంటి స్టేషన్లు చాలా ఉన్నాయి. దక్షిణాదిలో మొట్టమొదటి రైలు 1856లో మద్రాసు రాయపురం నుంచి బయల్దేరి చేరింది కూడా ఇవాళ వాలాజా రోడ్డు అని పిలిచే స్టేషనుకే. రైలు కంపెనీలు తమకు వీలైన దారిలో పట్టాలు వేసుకుంటూ పోయాయి. ఊరు దూరంగా ఉండిపోయిన చోట ఊరి పేరుకు 'రోడ్డు' తగిలించాయి. ఆ ఒక్క మాటలో రైల్వే ఒప్పుకున్నదేమిటంటే: నేను ఇక్కడిదాకే తేగలను, మిగతా దూరం ఇంకెవరో చూసుకోవాలి.

ఆ ఇంకెవరో ఎవరు? దానికి డబ్బు ఎవరివ్వాలి? బస్సూ రైలూ పోటీపడాలా, ఒకదానికొకటి తోడుండాలా అన్న చర్చ మన దేశంలో తొంభై ఏళ్ళ పైబడి నడుస్తోంది. ఆ చర్చ చేసినవాళ్ళు ఎక్కువగా సిమ్లాలోనో ఢిల్లీలోనో కూర్చుని చేశారు. నేను దాన్ని నెల్లూరు తీరంలో ఒక ప్లాట్‌ఫారం మీద కూర్చుని చూస్తాను. ఎందుకంటే నాకు ఆ ప్రశ్న మొదట ఎదురైంది అక్కడే.

ఒక రాత్రి

1990ల నడుమ సంగతి. మా ఊరు రైలు పట్టాలకు తూర్పున, సముద్రానికి మూడు మైళ్ళ ఇవతల. ఊరి పేరు, స్టేషను పేరు చెప్పను, ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు. పైగా ఈ తీరంలో ఏ ఊరి పేరు పెట్టినా కథ పెద్దగా మారదు.

మా అవ్వకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. నెల్లూరు మనుషులకు పెద్ద జబ్బంటే మద్రాసే. మామ, నేను ఆమెను మద్రాసు తీసుకుపోయి కుడికంటికి ఆపరేషను చేయించాం. ఎడమది మూడు నెలల తర్వాత చేస్తామన్నారు. కంటికి ఆకుపచ్చ గుడ్డ వేలాడేసుకుని అవ్వ పాసింజరు బండిలో కిటికీ పక్కన కూర్చుంది. బండి దారిలో రెండుచోట్ల ఆగి, వెనక వస్తున్న బళ్ళకు దారి ఇచ్చి, తొమ్మిదింటికి మమ్మల్ని దించింది. మా ఊరికి ఆఖరి బస్సు ఎనిమిదిన్నరకు. దాని వేళకు అది వెళ్ళిపోయింది. మళ్ళీ బస్సు తెల్లారి ఐదున్నరకే. కార్తీకమాసం, ముసురు. ఒకే ఒక్క జీపువాడున్నాడు గాని, అతను అడిగిన డబ్బు మా దగ్గర లేదు.

సిమెంటు బెంచీ మీద అవ్వను పడుకోబెట్టి, మేమిద్దరం గోడకానుకుని కూర్చున్నాం. రాత్రంతా ఒకటే రొద. పట్టాల మీద గూడ్సు బళ్ళు, ఎక్స్‌ప్రెస్ బళ్ళు. స్టేషనుకు అరమైలు దూరంలో ట్రంకు రోడ్డు. దాని మీద మద్రాసు బస్సులు, లారీలు. కొన్ని ఉత్తరానికి, కొన్ని దక్షిణానికి. అవ్వకు నిద్రపట్టలేదు. అర్ధరాత్రి దాటాక అడిగింది:

"ఇన్ని బండ్లు పోతుండాయి గదా అబ్బయా, మనూరి దిక్కు పొయ్యేది ఒక్కటి గూడా లేదంట్రా?"

తెల్లారి బస్సెక్కి ఇంటికి చేరాం. మూడు నెలల తర్వాత మామ టిక్కెట్లు తీసుకొచ్చాడు. అవ్వ రానంది. "ఒక కన్ను చాల్లే నాయనా. ఆ బెంచీ మీద ఇంగోసారి నా వల్ల గాదు," అంది. మామ బతిమాలాడు, కోప్పడ్డాడు. ఆమె మాత్రం కదల్లేదు. మిగిలిన పదకొండేళ్ళూ ఆ ఒక్క కంటితోనే వెళ్ళదీసింది.

రవాణా గురించి తర్వాత నేను చదివినవన్నీ అవ్వ అడిగిన ఆ ప్రశ్నను వెనకేసుకుని చదివినవే.

మూడు గీతలు

నెల్లూరు తీరం పటం ఒకసారి కళ్ళముందు పెట్టుకోండి. సముద్రానికి సమాంతరంగా, ఉత్తరం నుంచి దక్షిణానికి మూడు గీతలు కనిపిస్తాయి. సముద్రపుటొడ్డునే బకింగ్‌హాం కాలువ. లోపలికి వస్తే ట్రంకు రోడ్డు, రైలు పట్టాలు, దాదాపు జంటగా. సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు, కావలి ఊళ్ళకు రోడ్డూ ఉంది, రైలూ ఉంది. మూడు గీతలూ చేరాలనుకున్నది మద్రాసుకే.

వీటిలో కాలువ పెద్దది. 1806లో బాసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించడం మొదలుపెట్టాడు. అది పులికాటు దాకా వచ్చింది. తర్వాత ప్రభుత్వం చేతికి వెళ్ళి, దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా అంచెలంచెలుగా సాగి పెదగంజాం దగ్గర కృష్ణా కాలువలతో కలిసింది. 1876-78 నాటి మహా కరువులో కూలిపనుల కింద మద్రాసులో అడయారు, కూవం నదుల మధ్య ఎనిమిది కిలోమీటర్ల ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు 1878లో కాలువకు పెట్టారు. మొదట దాని పేరు కాక్రేన్ కాలువ.

శ్రీహరికోట అడవుల్లో కొట్టిన కట్టెలు ఈ కాలువ మీదే మద్రాసు పొయ్యిల్లోకి వెళ్ళేవి. ఉప్పు, ఎండుచేపలు కూడా. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గడకర్ర, అదీ కుదరకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని పడవను లాగేవారు. అవ్వ చిన్నతనంలో ఇవన్నీ చూసింది. "పడవ నిదానమే గానీ, మనూరి కాడనే ఆగేది," అనేది. తీరపు ఊళ్ళకు కాలువ గుమ్మం ముందున్న దారి. రైలూ ట్రంకు రోడ్డూ ఆ మేలు చెయ్యలేకపోయాయి.

రైలు నెల్లూరికి ఆలస్యంగా వచ్చింది. మద్రాసు నుంచి బొంబాయి వైపు వెళ్ళే లైను రేణిగుంట, కడప మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర అటునుంచి వచ్చిన లైనుతో కలిసింది. నెల్లూరు పక్కనే ఉండిపోయింది. 1880ల చివర్లో తిరుపతి వైపు నుంచి గూడూరు మీదుగా మీటరుగేజి బండి నెల్లూరికి వచ్చింది. 1899లో మద్రాసు, బెజవాడల మధ్య బ్రాడ్‌గేజి లైను కలిసింది. దాంతో కలకత్తా దాకా తూర్పుతీరమంతా ఒకటే దారయింది.

ఆ లైను కాలువకు సమాంతరంగా నడిచింది. మద్రాసు సరుకును, మద్రాసు వెళ్ళే మనుషులను రైలు తీసుకుంది. కాలువకు మిగిలింది కట్టెలు, ఉప్పులాంటి తొందరలేని సరుకులు. 1960ల నడుమ వచ్చిన తుపానులు, 1976 తుపాను కాలువను దెబ్బతీశాక పూడిక తీసేవాళ్ళు కూడా తగ్గిపోయారు. 2008లో దాన్ని నాలుగో జాతీయ జలమార్గంలో భాగమన్నారు. మా ఊరి దగ్గర ఆ మాట నీళ్ళ మీద తేలలేదు.

ఇది పోటీ అనే కథలో మొదటి అధ్యాయం. వేగమైనది వచ్చి నిదానమైనదాన్ని తినేసింది. ఎవరైనా సహజమే అంటారు. కానీ రైలు కాలువ దగ్గర తీసుకున్నది మద్రాసు ప్రయాణాన్ని. ఊరి గుమ్మం దగ్గర ఆగే గుణాన్ని తీసుకోలేదు. కాలువ పోతూ పోతూ ఆ గుణాన్ని కూడా వెంట తీసుకుపోయింది. ఖాళీ అయిన ఆ చోటు తూర్పు-పడమరల గీతది. పటంలో దాన్ని ఎవరూ లావుగా గియ్యలేదు.

సిమ్లాలో సమావేశం

1920లలో మోటారు బస్సులొచ్చాయి. ఒక్కో బస్సుకు ఒక్కో యజమాని. టైము లేదు, స్టాపు లేదు, చెయ్యెత్తితే ఆగడమే. బస్సు నిండితే బయల్దేరేది. ఒకే దారిలో నాలుగు బస్సులుంటే ప్రయాణికుణ్ణి రెక్క పట్టుకుని లాగేవాళ్ళు. రైలు చార్జీ కంటే పైసా తక్కువకు తీసుకుపోతామనేవాళ్ళు. అప్పుడే ప్రపంచమంతా ఆర్థికమాంద్యం. రైళ్ళ రాబడి పడిపోయింది. బస్సులు తమ కూడు లాక్కుంటున్నాయని రైల్వేలు మొత్తుకున్నాయి.

భారత ప్రభుత్వం కె.జి. మిచెల్ అనే రోడ్ల ఇంజనీరును, ఎల్.హెచ్. కర్క్‌నెస్ అనే రైల్వే అధికారిని ఈ సంగతి తేల్చమంది. వాళ్ళ నివేదిక చేతిలో పెట్టుకుని 1933 ఏప్రిల్‌లో సిమ్లాలో రోడ్డు-రైలు సమావేశం జరిపారు. 1937లో సర్ రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ కమిటీ కూడా రోడ్డు పోటీని గట్టిగానే పట్టించుకుంది. వీటన్నిటి ఫలితం 1939 మోటారు వాహనాల చట్టం. ఆ తర్వాత పర్మిట్టు లేకుండా బస్సు కదలకూడదు. ఏ దారిలో ఎన్ని బస్సులు, ఏ వేళకు, ఎంత చార్జీకి నడవాలో అధికారులు చెబుతారు. రోడ్డూ రైలూ సమన్వయంతో నడవాలన్న మాట ఆ చట్టంలోనే ఉంది.

సమన్వయం మంచి మాట. కానీ ఆ రోజుల్లో దాని అర్థం, ముఖ్యంగా, రైలు పక్కనే బస్సు పరిగెత్తకుండా చూడటం. పట్టాలు వేసింది ప్రజల డబ్బుతో, అప్పులతో. వాటి వడ్డీ కట్టాలంటే రైలు నిండాలి. ఈ లెక్క తప్పు కాదు. రైలుకు బండి నడిపినా నడపకపోయినా అయ్యే ఖర్చు చాలా ఎక్కువ. లైను, స్టేషన్లు, సిగ్నళ్ళు, గ్యాంగుమన్లు అన్నీ ఉండాల్సిందే. అందుకే వందలమంది ఎక్కితేనే దానికి గిట్టుబాటు. బస్సుకు రోడ్డు ప్రభుత్వం వేసి పెడుతుంది. యాభైమంది దొరికితే చాలు. ఇద్దరికీ ఒకే కొలత పెట్టి పోటీపడమనడం అన్యాయమేనని రైల్వేవాళ్ళ వాదన.

అదే సమయంలో జర్మనీ కూడా ఇదే లెక్క వేసింది. అక్కడ 1930లలో తెచ్చిన చట్టం వల్ల, కొన్ని మినహాయింపులు తప్ప, రైలున్న దారిలో దూరప్రాంతపు బస్సు నడపడం కుదిరేది కాదు. 2013 జనవరి దాకా అదే పద్ధతి. అంటే మన పర్మిట్టు రాజ్యాన్ని మన ప్రత్యేకమైన జబ్బుగా చూడనక్కర్లేదు.

నాకు ఇబ్బందిగా తోచేది వేరే. ఆ లెక్కలో ప్రయాణం స్టేషనులో మొదలై స్టేషనులో ముగుస్తుంది. బస్సు తనకున్న ప్రయాణికుణ్ణి తీసుకుపోతుందన్న భయం రైలుకు ఉంది. బస్సు లేకపోతే ఆ ప్రయాణికుడు స్టేషనుకే రాడన్న భయం అంతగా లేదు. అల్లూరు రోడ్డు అని బోర్డు పెట్టినవాళ్ళకు ఆ సంగతి తెలియకుండా ఉండదు కదా!

నైజాములో ఇంకో దారి

తమాషా ఏమిటంటే, సిమ్లా సమావేశానికి ఏడాది ముందే తెలుగునేల మీద ఇంకోచోట దీనికి వేరే జవాబు దొరికింది. హైదరాబాదు సంస్థానం 1930లో రైల్వేను ఇంగ్లీషు కంపెనీ నుంచి కొనేసి నిజాం స్టేట్ రైల్వేగా మార్చుకుంది. 1932 జూన్‌లో ఆ రైల్వేలోనే రోడ్డు రవాణా శాఖ పెట్టింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. అల్బియన్ కంపెనీ బస్సులు అవి. వాటిలో ఒకటి 'డెక్కన్ క్వీన్' పేరుతో ఇప్పటికీ హైదరాబాదులో భద్రంగా ఉంది. ఆర్టీసీ బస్సుల నంబర్లలో వచ్చే 'జెడ్' నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందన్న కథ మీరు వినే ఉంటారు.

రైలూ బస్సూ ఒకరివే అయితే పోట్లాట ఎందుకు? బస్సు రైలు దగ్గర లాక్కున్నా ఆ డబ్బు అదే ఇంటి హుండీలో పడుతుంది. రైలు లేని ఊరికి బస్సు వేస్తే ఆ ఊరి మనిషి రైలు టిక్కెట్టు కూడా కొంటాడు. తెలంగాణలో బస్సు రైలుకు తమ్ముడిగా పుట్టింది. కోస్తాలో సవతి కొడుకుగా పుట్టింది. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క, వెనక బొగ్గు కుంపటి తగిలించుకుని ఎత్తు ఎక్కలేక ఆయాసపడిన కోస్తా బస్సులకు అండగా ఏ రైల్వే లేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ అన్నదమ్ములు విడిపోయారు. రైళ్ళు కేంద్రానివి, బస్సులు రాష్ట్రానివి అయ్యాయి. 1950ల మొదట్లో నిజాం రైల్వే భారతీయ రైల్వేల్లో కలిసింది, బస్సుల శాఖ హైదరాబాదు ప్రభుత్వం దగ్గర ఉండిపోయింది. 1958 జనవరి 11న దాన్నుంచి ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. అలా, రైల్వే కడుపున పుట్టిన సంస్థ రైల్వేతో సంబంధం తెగిపోయాక కోస్తాకు వచ్చింది. మనకు అందింది తల్లి పేరు మరిచిపోయిన బిడ్డ.

రావడం కూడా తేలిగ్గా రాలేదు. కృష్ణాజిల్లా బస్సు యజమానులు జాతీయకరణ మీద సుప్రీంకోర్టుకెక్కారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు అని లా చదివినవాళ్ళందరికీ తెలుసు. అభ్యంతరాలు విన్నది రవాణాశాఖ కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. వినేవారొకరు, తీర్పు చెప్పేవారొకరు అయితే ఆ వినడానికి అర్థమేమిటని మన తెలుగు న్యాయమూర్తి కోకా సుబ్బారావు రాసిన తీర్పు ఆ పథకాన్ని కొట్టేసింది. ప్రభుత్వం పద్ధతి మార్చుకుని మళ్ళీ మొదలుపెట్టింది. క్రమంగా రాష్ట్రంలో ఎక్కువ దారులు ఆర్టీసీవయ్యాయి.

మద్రాసు బస్సు పెట్టే కూడు

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు దగ్గరికొచ్చాం.

బస్సులను జాతీయం చెయ్యాలనడానికి చెప్పిన కారణాల్లో బలమైనది ఒకటుంది. ప్రైవేటు యజమాని లాభమున్న దారిలోనే నడుపుతాడు. సంస్థ అయితే లాభమున్న దారిలో సంపాదించి, నష్టమొచ్చే పల్లెదారిలో ఖర్చుపెడుతుంది. నెల్లూరు భాషలో చెప్పాలంటే, మద్రాసు బస్సు సంపాదించి పెడితే మా ఊరి బస్సు తింటుంది. మద్రాసు బస్సు ఎవరితో పోటీ? రైలుతో. మా ఊరి బస్సు ఎవరికి తోడు? రైలుకే. మమ్మల్ని స్టేషనుకు చేర్చేది అదే.

అంటే రైలుకు తోడుగా నిలిచే బస్సును, రైలుతో పోటీపడే బస్సు పోషిస్తోంది.

ఇది అర్థమయ్యేదాకా నేను కూడా ఈ చర్చకు సులువైన పరిష్కారం ఉందనుకునేవాణ్ణి. మద్రాసు దారిలో పోటీపడనీ, పల్లెదారిలో తోడుండనీ, అయిపోయింది కదా అని. అలా కుదరదు. మద్రాసు దారిలో రైలు పూర్తిగా గెలిస్తే పల్లె బస్సుకు డబ్బుండదు. పల్లె బస్సు ఆగిపోతే రైలు స్టేషనుకు మనిషి రాడు. రెండు గీతలూ ఒకే దారంతో కుట్టినవి.

రైల్వే లెక్క కూడా ఇలాంటిదే. బొగ్గు, ఇనుపఖనిజం, సిమెంటు మోసి సంపాదించినదానితో పాసింజరు బండి నష్టం పూడ్చుకోవడం రైల్వేకు పాత అలవాటు. ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వని గూడ్సు బళ్ళే మేమెక్కిన చవక పాసింజరును నడిపాయన్నమాట. ఇద్దరూ ఉన్నవాడి దగ్గర తీసుకుని లేనివాడికి పెట్టేవాళ్ళే. ఇద్దరి భయమూ ఒకటే: ఉన్నవాణ్ణి ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనని.

ఎగరేసుకుపోయారు కూడా. 1988లో కొత్త మోటారు వాహనాల చట్టం వచ్చి పర్మిట్టు పట్టు సడలించింది. తర్వాత రోడ్లు నాలుగు వరసలయ్యాయి. పాత ఐదో నంబరు జాతీయ రహదారి ఇప్పటి పదహారో నంబరు అయింది. రాత్రిపూట హైదరాబాదుకు, బెంగళూరుకు ప్రైవేటు స్లీపరు బస్సులు బారులు తీరాయి. కాంట్రాక్టు కారేజి పర్మిట్టు మీద నడిచే బస్సు దారిలో మనుషుల్ని ఎక్కించుకోవడం, దించడం చెయ్యకూడదు. కానీ ఆచరణలో ఏం జరుగుతుందో ఆ బస్సులెక్కే మనందరికీ తెలుసు. నేనూ ఎక్కుతాను. ఫోనులో సీటు ఎంచుకుని, దుప్పటి కప్పుకుని పడుకుంటాను. నేను కొన్న ఆ టిక్కెట్టులో మా ఊరి బస్సుకు వెళ్ళే రూపాయి ఒక్కటీ లేదు. ఇది రాస్తున్నప్పుడు తట్టింది, రాయకుండా ఉండలేకపోయాను.

రైలు కూడా పైవైపే చూస్తోంది. 2023లో నెల్లూరులో ఆగే వందేభారత్ బళ్ళు రెండు వచ్చాయి, ఒకటి సికింద్రాబాదు-తిరుపతి, ఒకటి విజయవాడ-చెన్నై. సంతోషమే. 2020 మార్చిలో కరోనాతో ఆగిన పాసింజరు బళ్ళు తిరిగొచ్చినప్పుడు మాత్రం వాటికి ఎక్స్‌ప్రెస్ చార్జీలు తగిలించారు. పది రూపాయల కనీస టిక్కెట్టు ముప్పై అయింది. 2024లో గాని మళ్ళీ తగ్గలేదు. చిన్న స్టేషనులో ఎక్కే మనిషికి ఆ ఇరవై రూపాయల తేడా పెద్దది.

షార్ బస్సు

అయితే తూర్పు-పడమరల గీత ఈ తీరంలో ఎక్కడా సరిగ్గా పడలేదా అంటే, ఒకచోట పడింది. సూళ్ళూరుపేటలో.

శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్టు 1971లో ఎగిరింది. ఒకప్పుడు మద్రాసుకు కట్టెలు పంపిన దీవి అది. పులికాటు మీదుగా సూళ్ళూరుపేటకు రోడ్డు వేశారు. షార్ ఉద్యోగులకు కేంద్రం సొంత బస్సులున్నాయి. సూళ్ళూరుపేటకు చెన్నై లోకల్ రైళ్ళు కూడా వస్తాయి. గూడూరు దాకే విజయవాడ డివిజను. అక్కణ్ణుంచి దక్షిణాన, ఊళ్ళు ఆంధ్రావైనా, లైను చెన్నై డివిజనుది. పని వేళకు మనిషి చేరాలి అని ఒకరు గట్టిగా అనుకుంటే పట్టాల దగ్గర్నుంచి సముద్రం దాకా బస్సు నడుస్తుందన్నమాట. అదే తీరంలో రొయ్యల షెడ్డుకు పోయే ఆడవాళ్ళ పనివేళ గురించి అంత గట్టిగా అనుకున్నవాళ్ళు లేరు. వాళ్ళు షేరు ఆటోల్లో పన్నెండుమంది కూర్చుని పోతారు.

స్విట్జర్లాండు ఇదే పనిని దేశమంతటికీ చేసింది. 1982 నుంచి అక్కడ రైళ్ళు గంటగంటకూ అదే నిమిషానికి వస్తాయి. 1987లో జనం ఓటు వేసి, దాన్ని ఇంకా పటిష్ఠం చేసే పథకాన్ని ఆమోదించారు. రైలు ఎప్పుడొస్తుందో తెలుసు కాబట్టి కొండమీద పల్లెకు వెళ్ళే పసుపుపచ్చ పోస్టు బస్సు స్టేషను ముందు దాని కోసం నిలబడి ఉంటుంది. డబ్బున్న దేశం కాబట్టి సాగిందని అనొచ్చు. నిజమే. కానీ ఆ ఆలోచనలో ఖరీదైన వస్తువు రైలు కాదు, బస్సు కాదు. వాటి రెండిటి టైముటేబిలూ ఒకే బల్ల మీద పెట్టుకుని కూర్చునే ఓపిక. నిజాం రైల్వేకు 1932లో ఆ బల్ల ఉంది. మనం దాన్ని పంపకాల్లో పోగొట్టుకున్నాం.

నెల్లూరులో బస్టాండులకు పోయే దిక్కును బట్టి పేర్లుంటాయి. మద్రాసు బస్టాండు, ఆత్మకూరు బస్టాండు. ఆత్మకూరు, వింజమూరు, ఉదయగిరి వైపు వందేళ్ళకు పైగా రైలు ఊసే లేదు. ఇప్పుడు నడికుడి-శ్రీకాళహస్తి లైను ఆ మెట్టప్రాంతం మీదుగా వేస్తున్నారు. పూర్తయితే అక్కడా కొత్త స్టేషన్లు వస్తాయి. ఆ స్టేషన్ల బోర్డుల మీద ఏ ఊరి పేరు పక్కన 'రోడ్డు' చేరుతుందో, ఆ రోడ్డు మీద రాత్రి తొమ్మిదింటికి బస్సు ఉంటుందో లేదో, ఇప్పుడే అడగాల్సిన ప్రశ్నలు.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. అవ్వ ఉంటే సంబరపడేది. మద్రాసు బస్సు సంపాదనతో పల్లె బస్సును నడిపే పాత లెక్కకు బదులు, ఖజానాయే నేరుగా పల్లె ప్రయాణానికి డబ్బు పెట్టే పద్ధతి ఇది. నాకు ఇది నచ్చింది. తెలిసి పెట్టే ఖర్చు, చాటుగా సర్దే ఖర్చు కంటే మంచిది. అయితే టిక్కెట్టు లేకపోవడం ఉన్న బస్సుకే పనికొస్తుంది. ఆ రాత్రి స్టేషనులో మా దగ్గర బస్సు చార్జీకి డబ్బుంది. లేనిదల్లా బస్సే.

పోయిన సంక్రాంతికి ఊరికి వెళుతూ రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. తలమంచి దాటాక మా చిన్నది బోర్డు చదివి అడిగింది, స్టేషనుకు రోడ్డు అని పేరేంటి అని. మామ చెప్పిన జవాబే చెప్పాను. "మరి అక్కణ్ణుంచి ఎట్టా పోతారు?" అంది.

బండి అక్కడ ఆగలేదు కాబట్టి, బయట ఏమైనా నిలబడి ఉందో లేదో మేం చూడలేకపోయాం.